కొన్నది వద్దు, చేసింది తెండి

గురుపూజోత్సవం దగ్గర పడుతుందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. మా మేనకోడళ్ళు, ఒకప్పుడు మా పక్క క్వార్టర్లో ఉండి వెళ్ళినవాళ్ళు, నా దగ్గరే చదువుకుని ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నవాళ్ళు, అందరిదీ ఒకటే ప్రశ్న. పిల్లల టీచరుకి ఏమిస్తే బాగుంటుంది? ఖర్చు ఎక్కువ కాకూడదు, కానీ ఏదో ఇచ్చాంలే అన్నట్టూ ఉండకూడదు. ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని కదా, నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఏమీ ఇవ్వకండి అంటాను. ఎవరూ వినరు.

ఈసారి మాత్రం ఫోను అవతలి వైపు నుంచి వచ్చింది. మా బడిలో ఈ మధ్యనే చేరిన ఒక టీచరమ్మాయి, "పిల్లలు తెచ్చినవి తీసుకోవచ్చా మేడమ్?" అని అడిగింది. అవుననీ కాదనీ చెప్పలేక, తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. ఆ అమ్మాయికి ఫోనులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆమె వయసువాళ్ళు ఇంకెవరైనా చదివితే సంతోషం.

ముందు నా గుణం చెప్పాలి. పాలవాడు ఒకరోజు చిక్కటి పాలు పోస్తే, ఎందుకు పోశాడా అని ఆలోచించే మనిషిని నేను. మా ఇంట్లోవాళ్ళు దీని మీద చాలా నవ్వుకున్నారు. కానీ నలభై మంది నాలుగో తరగతి పిల్లల మధ్య ఈ గుణమే నన్ను నిలబెట్టింది. కడుపునొప్పి నిజమా, హోంవర్కు వాడే చేశాడా, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం నాన్నదేనా, రోజంతా ఇదే పని. అలా చూసి చూసి కంటికి అలవాటైపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ కన్ను మూతపడేది కాదు.

కానుకల మీద అనుమానం మాత్రం ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక తండ్రి నాకు గోడగడియారం ఇచ్చాడు. మంచి గడియారం, గంటగంటకీ చిన్న పాట వచ్చేది. నాలుగు రోజులు పోయాక వచ్చి, మావాడి లెక్కల పేపరు కొంచెం చూడండి మేడమ్ అని వెళ్ళాడు. నేను మార్కులు వెయ్యలేదు. ఒట్టు. కానీ ఆ పిల్లవాడి పేపరు రెండోసారి తిరగేశాను. మిగతా పిల్లల పేపర్లు ఒక్కసారే చూశాను. ఆ తర్వాత ఆ గడియారం పాట పాడినప్పుడల్లా నాకు ఆ రెండోసారే గుర్తొచ్చేది. చివరికి తీసి అటక మీద పడేశాను.

ఆ మరుసటి ఏటి నుంచి ఆగస్టు ఆఖరి వారంలో తరగతిలో ఒక రూలు చదివేదాన్ని. "నాకు కొన్నది వద్దు. చేసింది తెండి. మీ చేత్తో చేసినా సరే, మీ ఇంట్లోవాళ్ళ చేత్తో చేసినా సరే." కొన్న వస్తువు తెచ్చినవాళ్ళకి అక్కడే అందరి ముందూ తిరిగి ఇచ్చేసేదాన్ని. ఈ రూలు నన్ను చాలా గొప్పదాన్ని చేసింది, కనీసం నా దృష్టిలో.

అలా వచ్చినవి ఎన్నో ఉన్నాయి. పాత యూనిఫాం నిక్కరు కత్తిరించి, లోపల దూది కూరి కుట్టిన డస్టరు. ఒక పిల్లవాడిది చేపల వేటకెళ్ళే ఇల్లు. వాళ్ళ తాతయ్య వల దారంతో నాకు సంచి అల్లి పంపాడు. నలభై నోటుపుస్తకాలు వేసినా తెగేది కాదు. గాజువాక బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే ఎక్కడ కొన్నారండీ అని ఆడవాళ్ళు అడిగేవారు. అంత మంచి సంచి ఇచ్చినందుకు నేనేం చేశానో తెలుసా? ఆ పిల్లవాడి మార్కులు తీసి చూశాను, ఎక్కడైనా తక్కువ వచ్చాయేమో, అందుకే ఇచ్చారేమోనని. ఇంకోసారి ఒక గ్రీటింగు కార్డు మీద అక్షరాలు మరీ గుండ్రంగా ఉన్నాయని, అదే మాట బోర్డు మీద రాయమని పిల్లను నిలబెట్టాను. వాళ్ళక్క రాసిందని తేలింది. తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది.

నేను చెప్పబోయే సంగతి రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు జరిగింది. ఆ ఏడు నా చేతివేళ్ళు బాగా పగిలాయి. సుద్దముక్కలతో జీవితం గడిపినవాళ్ళకి ఇది మామూలే. బొటనవేలు, చూపుడువేలు చివర్లు ఎండిపోయి చీలతాయి. నూనె రాసేదాన్ని, ప్లాస్టరు చుట్టేదాన్ని. ఒకరోజు బోర్డు మీద భాగహారం చేస్తుంటే సుద్దముక్క మీద ఎర్ర మరక పడింది. చీరకొంగుతో తుడిచేసి లెక్క పూర్తి చేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

అదే ఆగస్టులో కొత్త సుద్దముక్కల పెట్టె తెరిస్తే పై వరసలో ఒకటి లేదు. ఆ పెట్టె నా టేబులు సొరుగులో తాళం వేసి ఉండేది. తాళం వెయ్యడం ఒక్క మధ్యాహ్నం మరిచిపోయాను. ఒక్క సుద్దముక్కే కదా అని మీరనుకోవచ్చు. నేను అనుకోలేదు. తరగతినంతా నిలబెట్టి, తీసినవాళ్ళు చెబితే ఏమీ అననని అన్నాను. అది అబద్ధమని వాళ్ళకీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. మూడో బెంచీలో ఒక పిల్ల మాత్రం తల దించుకుని నేల చూస్తూ నిలబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదేనని నాకు అనిపించింది. రుజువు లేదు కాబట్టి కూర్చోమన్నాను. మనసులో మాత్రం ఆ పిల్ల పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను.

ఆ పిల్ల తండ్రి స్టీలు ప్లాంటులో కంట్రాక్టరు కింద లేతు మెషిన్ మీద ఇనుము చెక్కే టర్నరు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. గాజువాకలో అద్దెకుంటూ పిల్లని మా బడిలో వేశారు. చదువులో మధ్యరకం, మాట్లాడడం తక్కువ.

గురుపూజోత్సవం రోజు అందరూ ఇచ్చేశాక చివర ఆ పిల్ల వచ్చింది. క్యాలెండరు కాగితంలో చుట్టిన చిన్న పొట్లం నా చేతిలో పెట్టింది. విప్పితే స్టీలు గొట్టం. నా చూపుడువేలంత పొడుగు, నున్నగా, అంచులు గుండ్రంగా అరగదీసి ఉంది. ఒక చివర చిన్న రింగు. రింగు తిప్పితే లోపల సుద్దముక్క బిగుసుకుంటుంది. అప్పటికే ఒక సుద్దముక్క పెట్టి ఉంది, కొన బయటికి కనిపిస్తోంది.

"ఇంక మీ సేతి యేళ్ళు మండవు టీచర్," అంది ఆ పిల్ల.

నిజం చెబుతున్నాను, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళలో నా వేళ్ళను చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ పిల్లని దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాపాను కూడా. చాపిన చెయ్యి సగంలోనే ఆగింది. ఇది ఎక్కడిదన్న ప్రశ్న అడ్డం వచ్చింది.

ఎవరు చేశారని అడిగాను. నాన్న అంది. ఎక్కడ చేశాడంటే మెషిన్ మీద అంది. ఏ మెషిన్ అంటే తెలీదంది. ఇనుము ఎక్కడిదని అడిగేసరికి మళ్ళీ నేల చూపులు మొదలయ్యాయి.

"నాన్న ఎవులికీ సెప్పొద్దన్నాడు టీచర్."

మా ప్లాంటు కాలనీ ఉక్కునగరంలో బతకనివాళ్ళకి ఇందులో అంత భయపడడానికి ఏముందో అర్థం కాకపోవచ్చు. అక్కడ ప్లాంటు గేటు దాటి ఒక నట్టు బయటికి రాకూడదు. సంచులు చూస్తారు, అన్నం క్యారేజీలు తెరిపిస్తారు. పర్మినెంటు మనిషి పట్టుబడితే ఎంక్వయిరీ, కంట్రాక్టు మనిషి పట్టుబడితే గేటు పాసు లాక్కుంటారు. అంతే, మర్నాటి నుంచి అన్నం లేదు. మా వీధిలో ఎవరింట్లోనైనా కొత్త స్టీలు సామాను తళతళలాడితే, బిల్లు జాగ్రత్త చేసుకో బావా అని ఎగతాళి చేసుకునేవారు. ఎగతాళే, కానీ బిల్లు దాచుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ గొట్టాన్ని మా డ్రిల్లు మాస్టారికి చూపించాను. ఆయన తమ్ముడు ప్లాంటు స్టోర్సులో పని. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండడం వల్ల ఇనుము సంగతులన్నీ తనకూ తెలుసని ఆయన నమ్మకం. గొట్టాన్ని అరచేతిలో వేసి బరువు చూశాడు, టేబులు మీద టకటకా కొట్టి విన్నాడు, కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు.

"ఇది బయట దొరికీ సరుకు కాదు మేడమ్, లోపలిదే," అన్నాడు. "ఇదిగో ఇక్కడ సూడండి. మార్కు అరగదీసేడు."

చూశాను. రింగుకి కాస్త కింద వరసగా చిన్న చిన్న చుక్కలు గుచ్చినట్టున్నాయి. ఆకురాయి పెట్టి రుద్దినట్టు సగం చెరిగిపోయాయి. ఏ తప్పూ లేనివాడు గుర్తు ఎందుకు చెరుపుతాడు? నా అనుమానానికి ఇక పేరు మార్చేసి నిజం అని పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారికి ఉత్తరం రాశాను. ఫలానా విద్యార్థిని తండ్రి నాకిచ్చిన వస్తువు ప్లాంటు సామానుతో చేసినట్టు కనిపిస్తోందని, తమరు తగిన చర్య తీసుకోవాలని. ఎందుకు రాశానంటే నీతి కోసమని అప్పుడు చెప్పుకున్నాను. అసలు సంగతి, భయం. రేపు ఎవరైనా నా సొరుగు తెరిచి ఇదేమిటి మేడమ్ అంటే? రిటైరయ్యే ముందు దొంగసొత్తు దాచిన టీచరని పేరొస్తే? నా భయమే ఆ సాయంత్రం నాకు న్యాయంలా కనిపించింది.

హెడ్మాస్టరు గారు మెత్తటి మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి, తొందరపడొద్దు మేడమ్, ముందు తండ్రిని పిలిచి మాట్లాడదాం అని, గొట్టాన్నీ ఉత్తరాన్నీ తన సొరుగులో పెట్టుకున్నారు. ఈయనకెందుకింత నిదానం, ఈయనకీ ఏమైనా ముట్టిందా అని ఆయన్ని కూడా అనుమానించాను. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఆయన ఆగారు గానీ మాట ఆగలేదు. డ్రిల్లు మాస్టారు ఇంట్లో తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు టీ కొట్టు దగ్గర ఇంకెవరికో చెప్పాడు. సోమవారం పొద్దున్న కంట్రాక్టరు సూపర్వైజరు ఆ టర్నర్ని పక్కకి పిలిచి, నీ మీద ఏదో కంప్లయింటుంది, తేలేదాకా డ్యూటీకి రావద్దని పాసు తీసేసుకున్నాడు. కాగితం లేదు, విచారణ లేదు. నా ఉత్తరం హెడ్మాస్టరు గారి సొరుగు దాటనేలేదు. అయినా ఆ మనిషి పని పోయింది.

ఆ రోజు నుంచే పిల్ల కూడా బడికి రావడం మానేసింది. హాజరుపట్టీలో గైరుహాజరు వేస్తూ, తప్పు చేసినవాళ్ళే మొహం చాటేస్తారు అనుకున్నాను. ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అనుకున్నది అదే.

బుధవారం రెండో పీరియడులో హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. గదిలోకి వెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ నిలబడి ఉన్నారు. కూర్చోమని ఆయన ఎంత చెప్పినా కూర్చోలేదట. తండ్రి పొట్టిగా, బక్కగా ఉన్నాడు. చేతుల మీద వేడి ఇనుప రజను పడి కాలిన చిన్న మచ్చలు. కూతురిలాగే నేల చూస్తున్నాడు. తల్లి మాత్రం నన్నే చూస్తోంది. ఆమె చంకలో ఒక గుడ్డసంచి ఉంది.

టేబులు మీద ఆ గొట్టం, దాని కింద మడతపెట్టిన నా ఉత్తరం. హెడ్మాస్టరు గారు నెమ్మదిగా, దీన్ని ఎక్కడ చేశావు బాబూ అని అడిగారు. గురుపూజోత్సవానికి ముందు ఆదివారం ఆటోనగర్లో తన బావ షెడ్డులో చేశానని అతను గొణిగాడు. నాకు ఓపిక లేకపోయింది. పిల్లల్ని అడిగే గొంతుతోనే, చేసింది సరే, ఇనుము ఎక్కడిది అన్నాను.

అతను తలెత్తి భార్య వైపు చూశాడు. మళ్ళీ దించుకున్నాడు. చెప్పలేకపోతున్నాడని నేను కొంచెం గెలిచినట్టే నిలబడ్డాను.

తల్లి సంచిలో చెయ్యి పెట్టి ఒక వస్తువు తీసి టేబులు మీద పెట్టింది. అట్లకాడ. కాడ లేని అట్లకాడ. అట్టు తిరగేసే వెడల్పాటి రేకు, దానికి అంగుళమున్నర మొండి, అంతే. మొండికి పాత గుడ్డ పీలిక చుట్టి ఉంది.

"ఇదిగోండి మీ ప్లాంటు ఇనుము," అంది.

ఆమె గుడ్డ విప్పుతూ చెప్పింది. "మా అమ్మోలు పెళ్ళికిచ్చిన సామానండి ఇది. పేరు సెక్కించి మరీ ఇచ్చీనారు. ఆ ఆదివారం మర్నాడు పొద్దుట అట్లెయ్యబోతే కాడ నేదు. ఏటయిందని అడిగితే తండ్రీ కూతురూ ఒకల మొకం ఒకలు సూసుకుంతన్నారు. కాడ బోలుగా ఉంది, సుద్దముక్కకి సరిగ్గా సరిపోద్దని కోసీసినాడట. నాకు తెలిస్తే తిడతానని ఎవులికీ సెప్పొద్దన్నాడట. తిట్టేనండి, తిట్టకుండా ఉంటానా? రెండ్రోజులు మాటాడ్నేదు. అప్పణ్ణించి గుడ్డ సుట్టుకుని అట్లు తిప్పుతన్నాను."

గుడ్డ పూర్తిగా విప్పి, ఆ గొట్టాన్ని తీసి మొండికి ఆనించింది. మొండి మీద చుక్కలతో చెక్కిన పేరు మొదటి సగం ఉంది. గొట్టం మీద సగం చెరిగిన చుక్కలు దాని పక్కనే వరసలో కూర్చున్నాయి. అతను గుర్తు దాచడానికి చెరపలేదు. టీచరుకిచ్చే వస్తువు మీద ఇంకొకరి పేరు ఉండకూడదని అరగదీశాడు.

మా ఇంట్లో గిన్నెలు, పళ్ళాలు, చెంబులు, అన్నిటి మీదా మా పుట్టింటివాళ్ళు చెక్కించిన చుక్కల పేరే ఉంటుంది. పెళ్ళయిన నాటి నుంచి రోజూ తోముతున్నాను, రోజూ చేత్తో తడుముతున్నాను. అవే చుక్కలు ఒక కూలిమనిషి ఇచ్చిన వస్తువు మీద కనిపిస్తే నాకు ప్లాంటు మార్కులా తోచాయి. డ్రిల్లు మాస్టార్ని పిలిపించి చూపిస్తే, అట్లకాడనీ గొట్టాన్నీ మార్చి మార్చి చూసి, బెల్లు కొట్టించాలంటూ బయటికి వెళ్ళిపోయాడు. బెల్లుకి ఇంకా పావుగంట ఉంది.

నేను ఏదో అనబోయాను. పాప జ్వరంతో ఉందా, బడికి రావడం లేదేం అని అడిగాను. ఆ మాట అడిగే హక్కు నాకు లేదని అడిగాక తెలిసింది.

అప్పుడు తండ్రి మొదటిసారి నా వైపు చూసి మాట్లాడాడు. "జొరం కాదండి. నా డ్యూటీ దాని వల్లే పోనాదని ఏడుత్తంది. కొలతకి ఒక సుద్దముక్క కావాలి, టీచర్నడిగి తేయే అన్నానండి నాను. అడిగితే మీకు ముందే తెలిసిపోద్దని అడక్కుండా తెచ్చీసింది. తిరిగి ఇచ్చీమంటే, కానుకలోనే ఎట్టి ఇచ్చీద్దారి నాన్నా అంది. మీరు దొంగతనం అన్నది ఆ సుద్దముక్క గురించే అనుకుంటంది."

గొట్టం చేతిలోకి తీసుకుని రింగు తిప్పాను. సుద్దముక్క జారి నా అరచేతిలో పడింది. నిండు ముక్క. ఒక్క గీత కూడా గీయనిది. నా పెట్టెలో పై వరస నుంచి పోయినది. అది లోపల ఉన్న గొట్టాన్ని దొంగసొత్తు అంటూ వారం రోజులు తిరిగాను, ఒక్కసారైనా రింగు తిప్పి చూడలేదు. ఆ గదిలో నేను ఏడ్చాను. వాళ్ళిద్దరూ ఏడవలేదు.

ఆ సాయంత్రం గాజువాక బజారులో దిగి స్టీలు సామాన్ల కొట్లో ఉన్నవాటిలో మంచి అట్లకాడ కొన్నాను. కొట్టు అబ్బాయి పేరు చెక్కమంటారా అని అడిగాడు. వద్దన్నాను. షేర్ ఆటో ఎక్కి వాళ్ళ అద్దె వాటా వెతుక్కుంటూ వెళ్ళాను. తండ్రి ఇంట్లో లేడు, పని కోసం ఇంకో కంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడట. తల్లి గుమ్మంలో నిలబడి నా చేతిలో ఉన్నదాన్ని చూసింది.

"కొన్నది వద్దు టీచరుగారూ," అంది. "సేసింది తెండి. మీ రూలే గదా."

ఎకసెక్కం కాదు. మామూలుగానే అంది. నాకు చేతిపని ఏదీ రాదమ్మా అన్నాను. అది నిజం. బొత్తాము కుట్టడం కూడా నాకు సరిగా రాదు.

"రాయడం వొచ్చు గదేటి. ఆయన మీద రాసింది మీ సేత్తోనే గదా. ఈపాలి ఆయన దొంగ కాదని రాయండి."

లోపలికి వెళ్ళి కూతురి నోటుపుస్తకం తెచ్చి మధ్య కాగితం చింపి ఇచ్చింది. పిల్ల తలుపు వెనక నిలబడి ఉంది, గౌను అంచు కనిపిస్తోంది. నేను స్టూలు మీద కూర్చుని రాశాను. విద్యార్థిని తండ్రి విషయంలో పొరపాటు జరిగిందని, అందుకు చింతిస్తున్నామని. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. కాగితం తీసుకుని పెదాలు కదుపుతూ చదివి, నాకు తిరిగి ఇచ్చేసింది. జరిగింది ఏటండి, మీరు సేసేరు అంది.

ఇంకో కాగితం చింపింది. మళ్ళీ రాశాను. ఈసారి, సరైన ఆధారం లేకుండా నేను అనుమానించానని, ఆ వస్తువు వాళ్ళ ఇంటి అట్లకాడ కాడతో చేసిందని, అతను నిజాయితీపరుడని, తప్పంతా నాదని. కింద నా పేరు, హోదా, సంతకం. ముప్పై ఏళ్ళు పిల్లల చేత రాసిందే మళ్ళీ మళ్ళీ రాయించినదాన్ని, నా చేత ఎవరైనా రెండోసారి రాయించడం అదే మొదలు. ఆమె చదివి, మడిచి, దగ్గర పెట్టుకుంది. టీ ఇస్తానంది. తాగి, కొన్న అట్లకాడ పట్టుకుని వెనక్కొచ్చాను.

మర్నాడు హెడ్మాస్టరు గారు, తల్లి తెచ్చి చూపిన ఆ కాగితానికి నకలు తీయించి, బడి ముద్ర వేసి, స్వయంగా కంట్రాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళారు. ఆయన నిదానం విలువ నాకప్పుడు తెలిసింది. అయినా పాసు వెంటనే రాలేదు. పన్నెండో రోజున వచ్చింది. ఆ పన్నెండు రోజులు ఆ ఇంట్లో ఎలా గడిచాయో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. తండ్రి ఆ తర్వాత ఎప్పుడూ మా బడి గేటు లోపలికి రాలేదు. పేరెంట్స్ మీటింగులకి తల్లే వచ్చేది.

పిల్ల గురువారమే బడికి వచ్చింది. నేను తరగతికి చెప్పాను, ఆగస్టులో పోయిన సుద్దముక్క దొరికింది, అది నా దగ్గరే ఉంది, నేనే సరిగ్గా చూసుకోలేదు అని. గొట్టంలో దాన్ని బిగించి బోర్డు మీద తేదీ రాశాను. వేళ్ళు మండలేదు. మూడో బెంచీ వైపు చూస్తే ఆ పిల్ల తలెత్తి బోర్డు చూస్తోంది. నాకు అది చాలనిపించింది. చాలదని ఇప్పుడు తెలుసు.

తర్వాత రెండేళ్ళకి మా బడిలో నల్లబోర్డులు తీసేసి తెల్లబోర్డులు పెట్టారు. సుద్దముక్కలతో పని లేకపోయింది. ఆ గొట్టంలో కాగితం చుట్టిన పొట్టి పెన్సిలు బిగించుకుని ఇప్పుడు ఇది రాస్తున్నాను. డ్రిల్లు మాస్టారు ఎప్పుడైనా కనిపిస్తే, ఏది ఏమైనా అది మంచి సరుకే మేడమ్ అంటాడు. నేను కొన్న అట్లకాడ మా వంటింట్లోనే ఉంది. మా ఇంట్లో పేరు లేని స్టీలు సామాను అదొక్కటే.

కాబట్టి అమ్మాయీ, నువ్వడిగినదానికి నా జవాబు ఇది. తీసుకోవచ్చు. ఇచ్చినవాళ్ళు నీలో ఏం చూసి ఇచ్చారో కాస్త ఆలోచించు. నీ మార్కుల పుస్తకాన్ని చూసి ఇచ్చారా, నీ పగిలిన వేళ్ళను చూసి ఇచ్చారా, అది వస్తువులోనే తెలుస్తుంది. తెలియకపోతే కాస్త ఆగు. నాలా ఆ సాయంత్రమే కలం తీయకు.

పోయిన నెల ఆ పిల్ల ఇంటర్ పాసయిందని తల్లి ఫోను చేసి పిలిస్తే వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళది తగరపువలస దారిలో చిన్న సొంత ఇల్లు. పిల్ల నాకంటే పొడుగైంది. దగ్గరకొచ్చి ముందు నా చేతులు పట్టుకుని వేళ్ళు చూసింది. బాగున్నాయి టీచర్ అని నవ్వింది. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే, గోడకి రెండు మేకులు కనిపించాయి. ఒకదానికి చెక్క కాడ వేయించిన ఆ పాత అట్లకాడ వేలాడుతోంది. రెండోదానికి నా కాగితం ఉంది, లామినేషన్ చేయించి. నా సంతకం నాకే చదవడం కష్టమైంది.

ఇన్నేళ్ళయింది కదమ్మా, ఇది ఇంకా ఎందుకు అన్నాను. తీసెయ్యమన్నదే నా అర్థం.

ఆమె నా చేతికి గ్లాసు అందించింది. కోపం లేదు, నవ్వు కూడా లేదు.

"మీరు మంచోరేనండి," అంది. "మీలాటోలు ఇంకా ఉంటారు గదా."